మా అక్క పసుపు, నా సైటేషన్లు

నా పరిశోధనా వ్యాసాన్ని ప్రపంచంలో వెయ్యిమంది శాస్త్రవేత్తలు ప్రస్తావించారు. జపాన్‌లో దాన్ని పాఠంగా చెబుతున్నారు. బ్రెజిల్ నుంచి ఒకాయన నన్ను కళ్లారా చూడటానికే కరీంనగర్ వస్తానని రాశాడు.

జపాన్ సంగతి అబద్ధం. బ్రెజిల్ ఆయన రాసింది నిజమే గానీ, నన్ను చూస్తానని కాదు, వ్యాసం కాపీ పంపమని. ఇక వెయ్యి అన్నది... నూరు దాటింది, అంతవరకు ఎవరి తల మీదైనా చెయ్యి పెట్టి చెబుతాను. ఆ నూట చిల్లరలో నన్ను నేను ప్రస్తావించుకున్నవీ, నా దగ్గర చదివిన పిల్లలు మొహమాటానికి ప్రస్తావించినవీ తీసేస్తే ఎంత మిగులుతుందో చూసుకోలేదు. చూసుకునే ధైర్యం లేదని చదువుకోండి.

నేను మాలిక్యులర్ బయాలజీ వాణ్ణి. మొక్కలోనైనా మనిషిలోనైనా కణం లోపల ఉండే డీఎన్ఏని బయటికి లాగి, దాన్నిబట్టి ఏది దేనికి చుట్టమో చెప్పే విద్య అది. కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఆ విద్య చాలా చెప్పి, కొంచెం చేసి, రిటైరయ్యాను. నా బతుకంతా ఇంటర్నెట్‌లో ఒక పేజీ మీద ఉంది. పైన పేరు, కింద నేను రాసిన వ్యాసాలు, ఒక్కోదాని పక్కన దాన్ని ఎంతమంది ప్రస్తావించారో ఆ అంకె. పొద్దున లేవగానే కొందరు దేవుడి పటం చూస్తారు, కొందరు బీపీ చూసుకుంటారు. నేను ఆ పేజీ చూసుకుంటాను. అంకె ఒకటి పెరిగిన రోజు మా ఇంటావిడ చాయ్‌లో చక్కెర వేయడం మరిచినా ఏమీ అనను.

పొద్దున నడకకు వచ్చే మా ముసలి జట్టులో ఎవరి గొప్పలు వాళ్లకున్నాయి. ఒకాయన మనవడి ర్యాంకు చెబుతాడు. ఒకాయన మస్కట్‌లో ఉన్న అల్లుడు పంపిన ఖర్జూరాలు పంచుతాడు. నేను సైటేషన్లు చెబుతాను. బస్సు కండక్టర్‌గా చేసి దిగిపోయిన మిత్రుడు ఒకరోజు బెంచీ మీద కూర్చోబెట్టి నిలదీశాడు.

"సారూ, రోజు సైటేషన్ సైటేషనంటవు. గదేందో జర మాకు సమజయ్యేటట్టు చెప్పరాదు."

"ఎవలన్న కొత్తగ వ్యాసం రాస్తే, గా సంగతి మీద ముందుగాల రాసినోళ్ల పేర్లు ఎన్కల ఏస్తరు. అండ్ల నా పేరుంటే నాకో సైటేషన్ అన్నట్టు."

"పెండ్లి పత్రికల బంధుమిత్రుల పేర్లేసినట్టు?"

"గట్లనే అనుకో."

"మరి తిట్టుకుంట రాసినా లెక్కనేనా?"

"లెక్కనే. తిట్టుడేందో పొగుడుడేందో కంప్యూటర్‌కు తెల్వది."

"అట్లయితే మా డిపో మేనేజర్ నాకు మస్తు సైటేషన్లిచ్చిండు పో" అని ఆయన తేల్చేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అడిగింది ఎంత సరైన ప్రశ్నో అప్పటికి నాకు తెలియదు.

ఇంతకూ ఆ వ్యాసం పసుపు మీద. పేజీలో నా మిగతా వ్యాసాల పక్కన అంకెలు చిన్నపిల్లల వయసుల్లా ఉంటాయి. దీని పక్కన మాత్రం మూడంకెలు. దాంట్లో మొదటి పేరు నాది కాదు, నా శిష్యురాలిది. పని చేసింది ఆమె. కూర్చుని చెప్పింది నేను. మొదటి పేరు ఆమెదే ఉండాలని నేనే పట్టుబట్టి వేయించానని సభల్లో చెబుతుంటాను. నిజానికి పత్రికవాళ్లు ఎవరేం పని చేశారో రాయమన్నారు. రాశాక వేరే దారి లేకపోయింది.

ఆమెది బెల్లంపల్లి. వాళ్ల బాపు బొగ్గుబాయిలో పనిచేశాడు. కంపెనీ క్వార్టర్లలో పుట్టి, అక్కడి బళ్లో చదివి, పీహెచ్‌డీకి నా దగ్గరికి వచ్చింది. మడి గట్టు ఎక్కడం రాదు, పాము అంటే భయం. కానీ ప్రయోగశాలలో ఆమె చెయ్యి చూస్తే ముచ్చటేసేది. మా కాలేజీలో అప్పుడు సరైన సౌకర్యాలు లేవు. ఆకును గడ్డకట్టించి నూరడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. అది పశువుల ఆసుపత్రిలో ఎద్దుల వీర్యం దాచే డబ్బాలో దొరికేది. ఆ పిల్లే వెళ్లి డాక్టర్‌ను బతిమాలి, ఫ్లాస్కులో పట్టుకొచ్చేది. బస్సులో ఆ ఫ్లాస్కులోంచి పొగ వస్తుంటే జనం దూరం జరిగి ఆమెకు సీటు ఇచ్చేవారట.

మా ప్రశ్న ఇది: గోదావరికి ఇటు కరీంనగర్ వైపు పండే నాటు పసుపూ, అటు లక్సెట్టిపేట వైపు పాత ఆదిలాబాద్ జిల్లాలో పండే నాటు పసుపూ ఒకటేనా, వేరువేరా? పసుపుకు విత్తు ఉండదు. కొమ్ము పాతితే మొక్క వస్తుంది, తల్లిలో ఉన్న డీఎన్ఏ ఉన్నదున్నట్టు పిల్లలోకి వస్తుంది. కాబట్టి ఆకు ముక్క చూసి దాని పుట్టుక చెప్పేయవచ్చు.

ఇటువైపు నమూనాలు సులువు. మా ఊళ్లో మా చేను, మా పెద్దబాపు చేను, మా మేనత్తవాళ్ల చేను. అటువైపు ఎవరు తెలుసు? మా అక్కను ఇచ్చింది లక్సెట్టిపేట పక్క ఊరికే. బస్సెక్కి రాయపట్నం వంతెన దాటామంటే అక్క ఇంట్లో కోడికూర సిద్ధం. అక్కడినుంచి అక్క కూతురి అత్తగారి ఊరు, అక్క ఆడబిడ్డ ఊరు, ఆ ఆడబిడ్డ కోడలి పుట్టిల్లు. వెళ్లిన చోటల్లా మంచం వేశారు, జొన్నరొట్టె పెట్టారు, సర్వపిండి మూటగట్టి ఇచ్చారు. ఆ మధ్యలో ఆకు కూడా కోసుకున్నాం. శాస్త్రీయ పద్ధతిలో, నదికి ఉత్తరాన పలు గ్రామాల నుంచి నమూనాలు సేకరించామని వ్యాసంలో రాశాం. అన్నం ఎక్కడ దొరికితే అక్కడ సేకరించామని రాయలేదు.

ఫలితం వచ్చింది. డీఎన్ఏను జెల్ అనే పలుచటి బిళ్ల మీద నడిపి, ప్రత్యేక దీపం కింద పెడితే అడ్డగీతలు మెరుస్తాయి. రకం మారితే గీతల వరస మారాలి. మాకు అన్నింటిలో ఒకటే వరస వచ్చింది. ఇటువీ అటువీ తేడా లేదు. గోదావరి మనుషులను విడదీసింది గానీ పసుపును విడదీయలేదని నేను ఒక వాక్యం రాశాను. ఆ వాక్యం నాకు ఇప్పటికీ ఇష్టం. విదేశీ పత్రిక అచ్చువేసింది. కాలేజీ శాలువా కప్పింది. కలెక్టర్ వచ్చి కప్పాడని చాలాకాలం చెప్పాను. కలెక్టర్ రాలేదు, ఆయన పంపిన శుభాకాంక్షలు చదివారు. అది కూడా మా ప్రిన్సిపాలే రాసి చదివాడని నా అనుమానం.

ఆ తర్వాత అంకె పెరగసాగింది. ఒక ఏడాది నాలుగు, మరో ఏడాది పది. నేను అంకె చూశానే తప్ప ఎవరు ఏమని రాశారో చదవలేదు. పెళ్లికి ఎంతమంది వచ్చారన్నదే చూసుకున్నాను.

ఒక్కసారి మాత్రం ఒక సభలో ఎవరో లేచి, మీ ఫలితం మాకు రావడం లేదు సార్ అన్నారు. ఇంకో రాష్ట్రంలోని పెద్ద బృందం అది. వాళ్లకు నదికి అటూ ఇటూ పసుపు వేరువేరుగా వచ్చింది. నేను తడుముకోలేదు. నవ్వించి తప్పించుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. "మా పిల్ల ఒకటే గంటె అన్ని గిన్నెలల్ల పెట్టినట్టుంది" అన్నాను. అంటే ఒక నమూనా చుక్క మిగతా అన్నింట్లో పడి, అన్నీ ఒకటే అయిపోయి ఉంటాయని. సభ గొల్లుమంది. ఆమె నాలుగో వరసలో కూర్చుని ఉంది. ఆమె కూడా నవ్విందని నాకు గుర్తు. నవ్విందని చాలాకాలం అనుకున్నాను.

ఆమె ఇప్పుడు కరీంనగర్‌లోనే ఇంకో కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్. పై మెట్టు ఎక్కి అసోసియేట్ ప్రొఫెసర్ కావాలి. రెండుసార్లు ప్రమోషన్ తప్పింది. ఈసారి తప్పితే తన తర్వాత చేరినవాళ్ల కింద పనిచేయాలి. ఎంపికలో వ్యాసాలు చూస్తారు, సైటేషన్లు చూస్తారు. ఆమె పేజీలో కూడా పెద్ద అంకె ఆ పసుపు వ్యాసానిదే. మొన్న ఎండాకాలంలో ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట. మా ఇంటావిడ ఇచ్చిన మజ్జిగ పక్కన పెట్టేసింది.

"సార్, మన పేపర్‌ను ఎవలెవలు ఏమని రాసిండ్రో ఎన్నడన్న చదివిండ్రా?"

"లెక్క చూస్త గదా."

"లెక్క కాదు సార్. మాటలు."

ఒక్కో కాగితం తీసి చదివింది. ఒకరు "ఇందుకు భిన్నంగా" అని మా పేరు రాశారు. ఒకరు "వీరి ఫలితానికి కారణం తెలియరాలేదు" అన్నారు. ఇంకొకరు "నమూనాలు కలుషితమై ఉండవచ్చు" అన్నారు. నూట చిల్లరలో నా సొంతవీ పిల్లలవీ పోను, మిగిలినవాటిలో సగానికి పైగా ఇదే వరస. సగానికి పైగా అని తగ్గించి చెబుతున్నాను. దాదాపు అన్నీ.

"ఇంటర్వ్యూకు ఎక్స్‌పర్ట్‌గ ఎవలొస్తుండో తెల్సా సార్? గా టీం పెద్దాయననే. సభల మాకు రాలే అన్నోళ్లు. నా ముందర గీ పేపరే పెడ్తడు."

"పెట్టనీ. ఫికర్ జెయ్యకు. ఏదో ఒకటి చెప్దాం."

"ఏం చెప్పాలె సార్? నిజంగనే నా చెయ్యి తప్పిందేమో. బఫర్ నీళ్ల సీసల చుక్క పడ్డదేమో. అన్ని ట్యూబులకు గదే బఫర్ పోసిన. మీరు గా గంటె మాటన్న కాడికెల్లి, ఎప్పుడు పైపెట్ పట్టినా నాకు గదే యాదికొస్తది. పిల్లలకు ప్రాక్టికల్స్ చెప్తుంటే నా చెయ్యి నేనే చూసుకుంట."

పరిచిన కాగితాలన్నీ ఏరి కట్ట కట్టాను.

"పోదాం పా" అన్నాను. "మల్ల తెచ్చి మల్ల చేద్దాం. మా అక్క కాడికెల్లే తెద్దాం."

ఆకులు దొరికే కాలం కాదది. మిరుగం కార్తె, అంటే మృగశిర, రాకముందు పసుపు కొమ్ములు విత్తనానికి దాచి ఉంటాయి, అవే తెచ్చుకోవచ్చు. మేం వెళ్లిన రోజు అక్క ఇంట్లో సందడిగా ఉంది. అక్క మనవరాలికి ఆరోజే ఒడిబియ్యం. పెళ్లయిన ఆడపిల్లను అవ్వగారింటికి, అంటే పుట్టింటికి, పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె బట్ట ఒడిలో పోసి పంపుతారు మా దిక్కు.

గడపలోనే అక్క అందుకుంది.

"ఏంరా తమ్మీ, అక్క యాదికొచ్చిందా, కోడికూర యాదికొచ్చిందా?"

"పసుపు యాదికొచ్చిందక్కా."

"మల్లనా? అప్పుడు ఆకులు గుంజుకపోతివి. ఇప్పుడు ఏర్లు కూడ గుంజుకపోతవా?"

ఒడిబియ్యం పోయడం అయింది. ఆ పిల్ల లేచి అత్తగారింటికి బయలుదేరుతుంటే, అక్క కొడుకు దొడ్డిలోంచి ఒక గోనెసంచి తెచ్చి ఆటోలో పెట్టాడు. నేను చూడనైనా లేదు. ఆడపిల్ల పోతుంటే ఆటోలో సంచులు పెట్టడం నా కళ్లకు కొత్తా? నా శిష్యురాలు చూసింది. క్వార్టర్లలో పెరిగిన పిల్ల, ఆమెకు అన్నీ వింతే.

"సంచిల ఏముందమ్మా?" అని అక్కను అడిగింది.

"పసుపు విత్తనం బిడ్డా. మిరుగం రాంగనే పెట్టుకోవాలె గదా."

"వాళ్లూర్ల దొరకదా?"

"దొరకకేంది? అయినా అవ్వగారింటి పసుపు ఉండంగ వేరేటోళ్లది ఎందుకు పెట్టుకుంటదే? నేను కూడ పెండ్లయి వచ్చినంక మా అవ్వ కాడికెల్లి తెచ్చుకున్న. ఇగో గీ దొడ్లె ఉన్నదంత గదే. నా బిడ్డకిచ్చిన. మా ఆడబిడ్డ అడిగితే ఇచ్చిన. ఆమె కోడలు వాళ్ల అవ్వగారింటికి తీస్కపోయింది."

నా శిష్యురాలు నా వైపు తిరిగింది. నేను ఆమె వైపు చూడకుండా ఆకాశం వైపు చూశాను. మబ్బు కూడా లేదు.

మేం నది దాటి ఊరూరూ తిరిగి కోసుకొచ్చిన నమూనాలన్నీ మా బాపు చేలో పసుపే. ఇటువైపు నమూనాలు మా చేనువి, మా పెద్దబాపు చేనువి, మేనత్తవాళ్లవి. అవీ అదే విత్తనం. విదేశం నుంచి మందులు తెప్పించి, ఎద్దుల డబ్బాలోంచి నైట్రోజన్ తెచ్చి, నేను ప్రపంచానికి నిరూపించింది ఏమిటంటే, మా అక్క మా ఇంట్లోనే పుట్టిందని.

తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. వంతెన మీద ఇటు తిరిగింది. నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి.

"నా చెయ్యి తప్పలే సార్."

"తప్పలే బిడ్డా."

"మీరు తిన్న కోడికూర తప్పింది సార్."

"నువ్వు కూడ తిన్నవ్."

"మీరు తినుమంటే తిన్న."

వచ్చేటప్పుడు అక్క ఊళ్లోనే మాకు ఏ చుట్టరికమూ లేని ఇళ్ల నుంచి కూడా కొమ్ములు అడిగి తెచ్చుకున్నాం. వారం తిరక్కుండా ఆమె తన కాలేజీలో అన్నీ నడిపింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి చూపించింది. అక్కవాళ్ల కొమ్ములన్నింటిలో మళ్లీ అదే వరస, పాత వ్యాసంలో ఉన్నట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా. పక్కింటివాళ్ల కొమ్ముల్లో వేరే వరస. ఆమె జెల్ వైపు చూడటం లేదు. రెండు చేతులూ ఎదురుగా పట్టుకుని, వేళ్లు చాపి చూసుకుంటోంది.

ఇక్కడ నేను ఒక గొప్ప మాట చెప్పాలి. "సత్యాన్ని వెంటనే లోకానికి తెలియజేయాలి" అని నేనే అన్నానని. మా నడక జట్టుకు అలాగే చెప్పాను. నిజానికి నేనన్నది, "ఇంటర్వ్యూ అయినంక రాద్దాం. ఇప్పుడే తప్పని రాస్తే గా అంకె ఏమైతదో, నీ ప్రమోషన్ ఏమైతదో" అని. అందులో ఆమె ప్రమోషన్ ఎంత, నా పేజీలో మూడంకెలు ఎంత అని అడిగితే జవాబు చెప్పను.

"అప్పటిదాంక గా గంటె మాట నా మీదనే ఉంటది గద సార్" అంది. గొంతు పెంచలేదు. "ఎక్స్‌పర్ట్ అడిగితే ఏం చెప్పాలె? తెల్వదనా? తెల్సినంక తెల్వదంటే, అప్పుడు నిజంగ చెయ్యి తప్పినట్టే."

ఆ సాయంత్రమే దిద్దుబాటు రాయడానికి కూర్చున్నాం. ఫలితం సరైనదే, కానీ నమూనాలు ఒకే కుటుంబానికి చెందిన చేల నుంచి వచ్చినందువల్ల దాన్ని మొత్తం ప్రాంతానికి అన్వయించకూడదు అని ఆమె రాసింది. గోదావరి మీద నా వాక్యం కొట్టేసింది. ఉండనీ అని బతిమాలాను. కొట్టేసింది.

పత్రిక సంపాదకుడు వెంటనే జవాబిచ్చాడు. ఏ ఇంటికి ఏ ఇంటితో ఏం సంబంధమో, విత్తనం ఎటునుంచి ఎటు పోయిందో బొమ్మ గీసి పంపమన్నాడు. గీశాం. మధ్యలో మా అవ్వ ఇల్లు ఒక డబ్బా. అక్కడినుంచి బాణాలు: నది దాటి పైకి అక్కకు, కిందికి పెద్దబాపు ఇంటికి, మేనత్తకు. అక్క నుంచి పక్కలకు బిడ్డకు, ఆడబిడ్డకు, ఆ ఆడబిడ్డ కోడలి పుట్టింటికి. పేర్లు లేకుండా అక్షరాలు పెట్టాం. మా వంశవృక్షం విదేశీ పత్రికలో అచ్చయింది. రాజుల వంశాలకు కూడా దక్కని గౌరవం. అక్కకు ఫోన్‌లో పంపి, వీడియో కాల్ చేసి చూపించాను.

"నా ఫోటో ఏసిండ్రా?"

"ఫోటో కాదక్కా. పైన గీ డబ్బా నువ్వు."

"గింత చిన్నగనా?"

అంకె ఏమీ కాలేదు. దిద్దుబాటు పడితే పాత సైటేషన్లు పోవట. కానీ ఇక ఆ పేజీ తెరిచినవాళ్లకు ఆ వ్యాసం కింద దిద్దుబాటు కూడా కనిపిస్తుంది. ప్రమోషన్ దరఖాస్తులో ఆమె రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాసింది. దాచినా ఎవరూ అడగరని ఆఫీసులో ఎవరో సలహా ఇచ్చారట. ఎవరో కాదు, నేనే.

వానలు మొదలయ్యాక ఇంటర్వ్యూ వచ్చింది. పొద్దుటి నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని ఇంట్లో తిరిగాను. మా ఇంటావిడ, "మీకా ఇంటర్వ్యూ?" అంది. మధ్యాహ్నం మోగింది.

"ఏమడిగిండు?"

"మన పేపర్ తీసి ముందర పెట్టిండు సార్. గీ ఫలితం మీద మీకు ఇప్పుడు నమ్మకమున్నదా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"ఫలితం మీదున్నది, మేం చెప్పిన అర్థం మీద లేదన్న."

"నవ్విండా?"

"నవ్వలే. బొమ్మ చూసిండు. గీ పై డబ్బా ఎవలిది అన్నడు. మా సార్ అక్కది అన్న. అప్పుడు నవ్విండు. విత్తనం ఏడికెల్లి వచ్చిందని మొదలు ఎవలు అడిగిండ్రు అన్నడు. నేనే అన్న."

"అంతేనా?"

"బయటికి వస్తుంటే ఇంకో మాటన్నడు సార్. మా నమూనాలు తెచ్చినోళ్లు ఎవలింట్ల తిన్నరో ఓసారి అడగాలె అన్నడు."

ఫలితం వెంటనే రాలేదు. వచ్చేసరికి పొలాల్లో పసుపు నడుమెత్తు పెరిగింది. ఆమె అసోసియేట్ ప్రొఫెసర్ అయింది. నా వల్లే అయిందని కండక్టర్ మిత్రుడికి చెప్పాను. ఆయన అడ్డంగా తలూపాడు. ఇక చెప్పడానికి లాభం లేక, దిద్దుబాటు వద్దన్న సంగతి కూడా చెప్పేశాను. ఆయన లేచి కండువా దులుపుకున్నాడు. తర్వాత, "గా పిల్లను ఒకసారి మా ఇంటికి తీస్కరా, చాయ్ తాగిస్త" అన్నాడు. నన్ను పిలవలేదు.

ఇప్పుడు ఆమె ఆ పనిని మళ్లీ మొదటి నుంచి చేస్తోంది. ఊళ్లు ఆమె ఎంచుతుంది, ఇళ్లు చీటీ వేసి తీస్తుంది. షరతు ఒక్కటే: నాకు చుట్టరికం ఉన్న గడప తొక్కకూడదు. నన్ను ఎందుకు వెంట తీసుకుపోతుందంటే, ఎవరు చుట్టమో నేనే కదా చెప్పాలి.

మొన్న భాద్రపదంలో లక్సెట్టిపేట దాటి, నేను పుట్టి ఎన్నడూ చూడని ఊరికి వెళ్లాం. ఇంటి పక్కనే పసుపు చేను, ఆకులు తడితడిగా, పచ్చగా ఉన్నాయి. ఆమె కవరు తెరిచి కత్తెర తీసింది. అరుగు మీద కూర్చున్న ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏ ఊరు సారూ మీది?"

చెప్పకపోతే బాగుండదని చెప్పాను.

"అవునా? గా ఊర్ల మా చిన్నాయన బిడ్డనిచ్చినం. పెద్ద బాయి కాడి ఇల్లు."

పెద్ద బావి దగ్గరి ఇల్లంటే మా పెద్దబాపు పెద్దకోడలు. నేను నోరు తెరవలేదు, ఒట్టు. కానీ నా ముఖం తెరుచుకుంది.

"అయ్యో, మీరు గా ఇంటోళ్లా! అట్లయితే నాకు బావ వరసైతరు. రాండ్రి, కూసోండ్రి. బిడ్డా, చాయ్ పెట్టే" అని ముసలామె లోపలికి కేకేసింది.

నా శిష్యురాలు కత్తెర మూసి కవరు సంచిలో పెట్టేసింది.

"పదండి సార్. గీ ఇల్లు కూడ పోయింది."

"చాయ్ తాగి పోదాం."

"వద్దు సార్. చాయ్ తాగితే పక్కింటోళ్లు కూడ చుట్టాలైతరు."